ఇరవై గొంతుల కేసెట్టు

మొన్న టీవీ కొనడానికి విశాఖపట్నం వెళ్లాం. షోరూములో మా ఆవిడ టీవీల ముందు నిలబడిపోతే నేను పక్కనున్న అద్దాల గదిలోకి తొంగిచూశాను. లోపల మనిషెత్తు స్పీకర్లు, వాటికి ఎదురుగా మెత్తటి సోఫా. టై కట్టుకున్న సేల్స్‌మేన్ ఒకాయన నన్ను అందులో కూర్చోబెట్టి, ముఖమల్ పెట్టెలోంచి బొటనవేలంత లావు నల్ల వైరు తీసి నా చేతిలో పెట్టాడు. గోడ ప్లగ్గు నుంచి సెట్టుకి కరెంటు పట్టుకెళ్లే వైరు, అంతే. "మామూలు వైరు తీసేసి ఇది పెట్టండి సార్, సౌండే మారిపోతుంది. పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది" అన్నాడు.

నేను పలాస దగ్గర కరెంటు లైన్‌మేన్‌ని. ఇలాంటి మాట అన్నవాణ్ణి ఊరికే వదిలే రకాన్ని కాదు. స్తంభం దగ్గర మొదలుపెట్టి మీటరు దాకా లాక్కొచ్చి, అతని నోటితోనే తప్పని ఒప్పించి గానీ లేవను. నాతో వాదన పెట్టుకోవడం కంటే చీకట్లో కూర్చోవడం నయమని మా సెక్షన్లో అంటారు. ఆ రోజు మాత్రం వైరు ఒళ్లో పెట్టుకొని అలాగే ఉండిపోయాను. మా ఆవిడ వచ్చి, "ఏటయిందండీ, కళ్లంట ఆ నీళ్లేటి?" అంది. ఏసీ పడలేదని చెప్పి లేచొచ్చాను.

మావ గుర్తొచ్చాడు.

మావ అంటే చుట్టం కాదు. మా వైపు తనకంటే పెద్దవాడైతే మావ, ఈడువాడైతే బావ, అంతే లెక్క. ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఎవరెవరో వచ్చి నేను చేసిన పని గురించి అడుగుతారు, దానికి ఇంకా సిద్ధంగా లేను. పలాస నుంచి తూర్పుకి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుపోతే సముద్రపు హోరు వినపడే ఊరొకటి ఉంది. ఉద్దానంలో నా కింద ఉన్న ఊళ్లలో అదొకటి. ఆయన ఆ ఊరివాడు. రోజూ సైకిలు మీద కాశీబుగ్గ వచ్చి జీడిపిక్కలు వేపే బట్టీలో పనిచేసేవాడు.

పిక్కలు ఇనప డ్రమ్ములో తిరుగుతూ వేగుతాయి. ఎప్పుడు దించాలో తక్కినవాళ్లు పొగ రంగు చూసి చెప్పేవాళ్లు. ఈయన డ్రమ్ము వైపు చూసేవాడే కాదు. కళ్లు మూసుకొని, కుడిచెవి అటు తిప్పి నిలబడేవాడు. లోపలి చిటపటలు ఒక తీరున ఉన్నంతసేపూ కదలడు. తీరు మారిందా, చూపుడువేలు పైకి లేచేది. అది దించమని గుర్తు. కాస్త ముందు దించితే పెంకు సరిగ్గా పగలదు, కాస్త ఆలస్యమైతే పప్పు మాడుతుంది. ఆ వేలు తప్పిందని బట్టీలో ఎవరూ అనగా నేను వినలేదు. అది కూడా ఎలాంటి వేలు! జీడిపిక్కల నూనె పట్టి పట్టి పదివేళ్లూ నల్లగా మాడిపోయి ఉండేవి. ఏ సబ్బూ ఆ నలుపుని వదిలించలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ వేళ్లకి తువ్వాలు చెంగు చుట్టుకొని కేసెట్టు పట్టుకొనేవాడు. మరక అంటుతుందని భయం.

ఆయన ఇంట్లో ఉన్నది ఒక్కటే కేసెట్టు. వాళ్ల ఊరి బాప్టిస్టు చర్చిలో ఒక క్రిస్మస్‌నాడు ఆడవాళ్లు కొయిరుగా నిలబడి పాడిన కీర్తనలు. మైకు సెట్టువాడు తన సెట్టుకి టేపురికార్డరు తగిలించి ఎత్తిపెట్టాడు. ఇరవై మంది పాడారు. రెండో వరసలో ఆయన అప్ప, అంటే అక్క, ఆమె పక్కన ఆయన భార్య. ఆ తర్వాత ఏడాదిన్నరకి భార్య పోయింది. కిడ్నీలు. ఉద్దానంలో ఆ జబ్బు తొక్కని గడప తక్కువ. ఆవిడవి రెండే మిగిలాయి. ఒకటి పెళ్లినాటి ఫొటో, రెండోది ఆ కేసెట్టు. ఫొటోలో నోరు బిగించుకొని ఉంది. గొంతు ఆ కేసెట్టులోనే ఉంది, పంతొమ్మిది గొంతుల్లో కలిసిపోయి.

ఆయనకు కావలసిందల్లా ఆ ఇరవైలోంచి ఆ ఒక్క గొంతు విడిగా వినడం. ఒక్కసారి విన్నా చాలన్నాడు. దానికి అడ్డం పాటల వెనకాల ఉన్న రొద. మైకు సెట్లవాళ్లు హమ్మింగ్ అంటారు. గుంయ్యిమని, తుమ్మెద చెవిలో దూరినట్టు, పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఉండేది.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టింది ఆ రొద గురించే. తొంభైల చివర్లో ఒకరోజు స్తంభం మీద ఉంటే కిందనుంచి పిలిచాడు.

"అల్లుడూ, సెట్టు ముట్టుకుంటే సీమ కుట్టినట్టుంతన్నాది. ఓపాలి సూత్తావేటి?"

వెళ్లి చూశాను. టూ ఇన్ వన్ టేపురికార్డరు, దానికి తగిలించిన సెకండ్‌హ్యాండ్ ఆంప్లిఫయరు, రెండు చెక్కపెట్టె స్పీకర్లు. టేపురికార్డరులో ఉన్న సొంత స్పీకరు మీద ఆయనకి నమ్మకం లేదు, దాన్ని ఎప్పుడో నోరు మూయించాడు. ఆంప్లిఫయరుకి పాత రెండు తీగల వైరుంది, ఎర్త్ లేదు. పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేసి పైపు దింపి, మూడు తీగల వైరు బిగించాను. ఇసకనేల కాబట్టి వారానికోసారి ఆ గోతిలో నీళ్లు పొయ్యమని చెప్పాను. అప్పుడు కేసెట్టు పెట్టాడు. రొద సగానికి సగం తగ్గింది. మిగతా సగం ఎందుకు పోలేదో నేను ఆలోచించలేదు. చేసిన పని ఫలించిందంటే మనం అక్కడితో ఆగిపోతాం.

కళ్లు మూసుకొని, కుడిచెవి స్పీకరు వైపు తిప్పి వింటున్నాడు. రెండో కీర్తన మధ్యలో నల్లవేలు పైకి లేచింది.

"ఇనిపించింది" అన్నాడు.

"ఏటి మావా?"

"అదే. రెండో సరనం ఎత్తుకోబోతా ఊపిరి తీసింది. దానికి మొదట్నుంచీ అంతే, అందరికంటే ముందే ఊపిరి తీసీసేది."

నాకేమీ వినపడలేదు. ముసలాయన ముఖం చూసి, వినపడిందనే తలూపాను. నిజానికి అప్పటికి ఆయన ముసలాయనా కాదు, యాభై దాటాయంతే. భార్య పోయాక అలా కనిపించేవాడు. వైరు మారిస్తే గొంతు బయటికొస్తుందన్న నమ్మకం ఆయనలో నాటింది నేనే. తర్వాత దాని మీద విరుచుకుపడిందీ నేనే.

అది మొదలు వైర్లు మారుస్తూనే ఉన్నాడు. మోటారు వైరు, ఇస్త్రీపెట్టె వైరు, పాత వెల్డింగు మిషను వైరు. ప్రతిదానికీ నన్ను పిలిచి వినిపించేవాడు. వెళ్లేసరికి పెరట్లో ఎర్త్ గోతి దగ్గర ఉండేవాడు. చెప్పులు విడిచి, బకెట్టుడు నీళ్లు మెల్లగా, గొయ్యి తాగినకొద్దీ పోసేవాడు. నేను చెప్పింది చెంబుడు, ఆయన పోసింది బకెట్టు. నీళ్లు ఇంకాక లోపలికొచ్చి, వేపిన బద్ద జీడిపప్పు మీద ఉప్పు చల్లి కాగితం పొట్లంలో నా చేతికిచ్చేవాడు. "ఉప్పు సరిపోయిందేటి?" అని అడిగేవాడు. నేను సరిపోయిందని చెప్పాకే కేసెట్టు పెట్టేవాడు. భార్యకి డాక్టర్లు ఉప్పు మానిపించిన రోజుల్లో ఆ ఇంట్లో అందరూ చప్పిడి తిన్నారట. అప్పటినుంచి ఆయన నాలుకకి ఉప్పు అంచనా పోయింది.

ఒక ఆదివారం వెళ్తే గదిలో సగం మేర ఒక కేబులు చుట్టలు చుట్టుకొని పడుంది. టెక్కలిలో గ్రానైటు క్వారీ ఒకటి మూతపడితే, రాయి కోసే మిషనుకి వాడిన కేబులు ముక్క సంపాదించుకొచ్చాడు. మణికట్టంత లావు. దాన్ని సైకిలు వెనక కట్టుకొని టెక్కలి నుంచి తొక్కుకుంటూ వచ్చాడంటే నమ్మండి.

నాకు నవ్వాగలేదు. "మావా, దీంతో ఊరంతటికీ కరెంటియ్యొచ్చు కదా!"

"నవ్వుకో. బిగించీసి నవ్వుకో."

"నాలుగు మైళ్ల నుంచి సన్న తీగ మీద వత్తన్నాది కరెంటు. స్తంభం కాడ్నుంచి నీ ఇంటికి పెన్సిలంత వైరు. ఆకర్న రెండు గజాలు లావు వైరెడితే ఏటి లాభం? సెప్పు."

ఆయన కేబులు చుట్ట మీద చెయ్యేసి, "నాలుగు మైళ్లు ఇసకలో నడిసొచ్చినోడికి గుమ్మంకాడ సెంబుడు నీళ్లిత్తే హాయిగుండదేటి అల్లుడూ?" అన్నాడు.

జవాబు లేనప్పుడు నేను చేసే పనే చేశాను, గొంతు పెంచాను. "మీ సర్చికి వైరింగు సేసిందెవరు? నాను. కరెంటు సంగతి నాకు సెప్తావేటి?" అన్నాను. అది నిజమే. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో వాళ్ల చర్చికి వైరింగు నా చేతి మీదే జరిగింది.

"నీ పనికి పేరెట్టగలమేటి బావూ" అన్నాడు మర్యాదగా, బాబూ అన్నట్టు. "మా సర్చికి లైట్లు ఎలిగించినోడివి. నాకు ఇనిపిత్తన్నాదని సెప్తన్నాను, అంతే."

ఆయన అప్ప వంటింట్లోంచి, "ఇద్దరూ పిచ్చోళ్లే. ఒకడికి సెవి, ఇంకోడికి నోరు" అంది. తమ్ముడి భార్య పోయాక ఆ ఇల్లు ఆవిడే చూసేది.

అలా మూడునాలుగేళ్లు నడిచింది. క్వారీ కేబులు వచ్చాక భార్య గొంతు ఇంకా బాగా విడిపడిందన్నాడు. మొదట ఊపిరి ఒక్కటే వినేవాడు. తర్వాత ఒక మాట చివర సాగదీయడం విన్నాడు. తర్వాత ఒక చరణమంతా విన్నాడు. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం చూస్తే చంటిబిడ్డకి ఒక్కో పన్ను వస్తోందని చెప్పే తండ్రిలా ఉండేది. మంచివాడైతే అక్కడ ఊరుకొంటాడు. నేను ఊరుకోలేదు.

ఆ రోజు ఆఫీసులో నాకు ఒకాయనతో గొడవైంది. తప్పు నాది కాకపోయినా తల వంచుకొని రావలసొచ్చింది. ఎక్కడో ఒకచోట గెలవాలి. సరాసరి మావ ఇంటికి వెళ్లి, "పందెం మావా. తేల్చీసుకుందాం" అన్నాను.

సెట్టు వెనక వైర్లు ఊడదీసి పెట్టుకొనే సాకెట్టు బిగించాను. గుమ్మానికి దుప్పటి కట్టాను. ఆయన దుప్పటికి అవతల స్పీకర్ల ముందు పీట మీద కూర్చున్నాడు. సెట్టు నా వైపు. పదిసార్లు అదే కీర్తన పెడతాను, ఏసారి క్వారీ కేబులో ఏసారి మామూలు వైరో ఆయన చెప్పాలి. చెప్పింది సరైతే ఒక గిన్నెలో, తప్పైతే రెండో గిన్నెలో అప్ప జీడిపిక్క వేస్తుంది. ఆయన సంతోషంగా ఒప్పుకొన్నాడు. నాకు కూడా వినిపించబోతున్నానని అనుకొన్నాడేమో.

పది అయ్యాయి. రెండు గిన్నెల్లోనూ అయిదేసి పిక్కలున్నాయి. కళ్లు మూసుకొని వేలు ముట్టించినా అంతే వస్తాయి. నేను అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. దుప్పటి తీసేసి చెప్పాను.

"ఆకరి మూడుసార్లు నాను వైరు మార్సనేలేదు మావా. మార్సినట్టు సప్పుడు సేసినాను, అంతే. మూడుసార్లూ మామూలు వైరే. మూడుసార్లూ లావుది, బాగా ఇనిపిత్తన్నాది అన్నావు."

అప్ప చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆయన నా వైపు చూడలేదు, ఆ చెక్కపెట్టెల వైపు చూశాడు. కోపం తెచ్చుకొని ఉంటే ఎంత బాగుండేది! మెల్లగా అన్నాడు.

"అయితే ఇన్నేళ్లూ నాను ఇన్నది దాన్ని కాదన్నమాట."

నాకు అప్పుడు తెలిసింది ఏం చేశానో. వైర్ల గురించే కదా మాట్లాడాను అనుకొన్నాను. ఆయన లేచి వెళ్లి, ఎప్పటిలాగే బద్దపప్పు పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడగలేదు. దారిలో నోట్లో వేసుకొంటే అసలు ఉప్పే లేదు.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి సెట్టు మీద తువ్వాలు కప్పి ఉంది. క్వారీ కేబులు చుట్ట చుట్టి గోడకి వేలాడదీశాడు. పెరట్లో గొయ్యి పైన ఇసక పొడిగా ఉంది. నాతో బాగానే మాట్లాడాడు, వానల గురించీ, పిక్కల రాక గురించీ. కేసెట్టు ఊసు ఎత్తలేదు. ఆ తర్వాత నేను వెళ్లడం తగ్గించాను. తప్పు చేసినవాడికి పనులు ఎక్కువైపోతాయి.

ఏడాది తర్వాత అప్ప నా ఆఫీసు దగ్గరకొచ్చి నిలబడింది. "ఆడికీ వచ్చీసింది బావూ. కిరియాటిను ఎక్కువైపోనాదట. బట్టీకి ఎల్లడం మానీసినాడు. నువ్వోపాలి రా" అంది. పెద్దమ్మా అని ఏదో చెప్పబోయాను. ఆవిడ వినకుండా వెళ్లిపోయింది.

ఆ ఆదివారమే వెళ్లాను. కాళ్లు వాచి, మంచం మీద కూర్చునున్నాడు. పక్కన ఒక స్టీలు గ్లాసు, దానికి ఎర్ర దారం కట్టి ఉంది. రోజుకి ఆ దారం దాకా నీళ్లు, అంతే తాగాలి. వారం విడిచి వారం విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. నేను మాట్లాడకుండా పలుగు తీసుకొని పెరట్లోకి వెళ్లి, ఆ గొయ్యి మళ్లీ తవ్వాను. కొత్త ఉప్పు, కొత్త బొగ్గు, కొత్త పైపు. క్వారీ కేబులు దించి బిగించాను. మధ్యాహ్నం రెండయింది. లోపలికొచ్చి, దారిపొడుగునా కూడబలుక్కొన్నదంతా ఒక్క గుక్కలో చెప్పాను.

"మావా, మా ఇంజనీరుని అడిగినాను. లావు వైరుకి తేడా ఉంతాదట. ఆ రోజు నా పందెమే తప్పట. దుప్పటి అడ్డం ఉండడం వల్ల తెలీలేదట."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. "స్తంభాలు ఎక్కడం వచ్చు గానీ అబద్ధం సెప్పడం రాదు నీకు. ఆ సెవుల్సూడు, ఎలా ఎర్రబడ్డాయో. పోనీలే. గోతిలో నీల్లొయ్యి."

మంచం గుమ్మం దగ్గరికి జరిపించుకొన్నాడు. నేను బకెట్టు వంచి పోస్తుంటే ఇసక తాగుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాడు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. నేను ఆగితే, "ఇంకో బకెట్టు పొయ్యి. తాగనీ. దానికి డాక్టరు సెప్పలేదు కదా" అన్నాడు.

తర్వాత కేసెట్టు పెట్టమన్నాడు. తువ్వాలు చెంగు వేళ్లకి చుట్టుకొని నేనే పెట్టాను. రొద అలాగే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు. నా కొత్త ఉప్పూ బొగ్గూ ఏమైపోయాయో నాకు అంతుపట్టలేదు. ఆయన కుడిచెవి తిప్పి, కళ్లు మూసుకొన్నాడు. రెండో చరణం దగ్గర నల్లవేలు పైకి లేచింది. "ఈపాలి బాగా ఇనిపించింది అల్లుడూ. నువ్వు మంచి పని సేసినావు" అన్నాడు. వినిపించే అన్నాడో, ఎండలో గొయ్యి తవ్విన నా మొహం చూసి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధమైతే నాకంటే చక్కగా చెప్పాడు.

వానాకాలం దాటకుండా పోయాడు. నేను ఆ రోజు మందస వైపు తెగిన లైను మీద ఉన్నాను, మట్టి చేసే వేళకి అందలేదు. జ్ఞాపకార్థ కూటానికి వెళ్లాను. అందరూ వెళ్లాక అప్ప టూ ఇన్ వన్నూ, కేసెట్టూ సంచిలో పెట్టి తెచ్చింది. "నీకే ఇమ్మన్నాడు. రేడియోకని నాను కొత్త సెల్సు ఏసుకున్నాను, అందులోనే ఉన్నాయి. ఇక నానేటి ఇంటాను, తీసుకెల్లు" అంది.

చాలా నెలలు దాన్ని ముట్టుకోలేదు. ఒకరోజు సెలవులో ఇంట్లో ఒంటరిగా ఉండి, దాని సొంత స్పీకరు తీగ అతికి, ప్లగ్గు పెట్టి, కేసెట్టు వేశాను. పాట మొదలైంది, రొద మొదలైంది. రెండో కీర్తన మధ్యలో మా వీధిలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పాట ఆగలేదు, అప్ప వేసిన సెల్సు అందుకొన్నాయి. నేను వింటూనే ఉన్నాను. ఒక నిమిషానికి గాని నాకు వెలగలేదు.

రొద కూడా ఆగలేదు.

వీధిలో కరెంటే లేదు. సెల్సు మీద తిరుగుతున్న టేపులో కరెంటు రొద ఎక్కణ్ణుంచి వస్తుంది? అది టేపులోనే ఉంది. పాటతో పాటే, ఆ క్రిస్మస్‌నాడే, చర్చిలో మైకు సెట్టులోంచి ఎక్కేసింది. ఇక ఏ కేబులు వేసినా, ఎన్ని బకెట్లు పోసినా అది పోయేది కాదు. సెల్సు వేసి ఒక్కసారి వినమని ఇన్నేళ్లలో నాకు తోచలేదు, కరెంటు నాకు తెలుసని అరిచినవాడికి!

అంతటితో అయిపోలేదు. మైకు సెట్టులో అంత రొద వచ్చిందంటే ఆ చర్చికి ఎర్త్ లేనట్టే. ఆ చర్చికి ఎర్త్ వేసింది నేను.

ఆ గొయ్యి నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. మనిషి లోతు తవ్వాలి. నడుము లోతుకి వచ్చేసరికి పక్కల ఇసక జారి పూడిపోయింది. రెండోసారి తవ్వాను, రెండోసారీ పూడింది. ఆకలి దంచేస్తోంది, లోపల చర్చివాళ్లు భోజనానికి పిలుస్తున్నారు. పైపుని అడ్డంగా పడుకోబెట్టి ఇసక కప్పేశాను. పైన సిమెంటు పలక వేసి, దాని మీద మేకుతో నా పేరు కూడా గీశాను. నౌపడ ఉప్పు బస్తా, బొగ్గుల బస్తా గోడవారనే ఉండిపోయాయి. ఆ ఉప్పు ఆడవాళ్లు ఆవకాయకి పంచుకొన్నారని తర్వాత ఎవరో నవ్వుతూ చెప్పారు, నేనూ నవ్వాను. ఎర్త్ లేకపోయినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. అందుకే ఎవరికీ తెలియలేదు. ఆ పూట నాకు కడుపునిండా వడ్డించిన ఆడవాళ్లలో మావ భార్య కూడా ఉండే ఉంటుంది. నేను తల ఎత్తి చూడలేదు.

మర్నాడు వెళ్లి అప్పకి చెప్పాను. పెరట్లో కొబ్బరాకులు అల్లుతోంది. చెప్పినంతసేపూ అల్లిక ఆపలేదు. నేను ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

"ఆడికి తెల్దు కదా?" అంది చివరికి.

"తెల్దు పెద్దమ్మా. నాకే నిన్న తెలిసింది."

"మంచిదే. తెలిసుంతే నిన్ను కూకోబెట్టి ఓదార్సీవోడు. ఆడికున్న ఆ కాస్త ఊపిరికి ఓదార్పు కూడానా" అంది. ఆకు పక్కన పెట్టి, "నాను దాని పక్కనే నిలబడి పాడినాను బావూ. ఆ కేసెట్టులో దాని గొంతేదో నాకే తెల్దు. అయినా ఆ గొయ్యి అలా ఉంచకు" అంది.

ఆ శనివారం ఆ పలక పగలగొట్టాను. అడుగు తీసేసిన తారు డబ్బాలు రెండు ఒకదాని మీద ఒకటి దింపుకొంటూ తవ్వితే ఇసక జారలేదు. ఆ సంగతి ఆనాడే ఎవరినైనా అడిగుంటే చెప్పేవారు. మనిషి లోతులో తడి తగిలింది. నౌపడ నుంచి తెచ్చిన ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి, పైపు నిలువుగా దింపి, నాలుగు బకెట్లు పోశాను. ఈసారి పైన ఏ పేరూ గీయలేదు.

ఆదివారం ఆరాధనకి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. నేను వాళ్ల మతంవాణ్ణి కాకపోయినా ఎవరూ ఏమీ అనుకోలేదు, జరిగి చోటిచ్చారు. కొయిరు లేచి నిలబడింది. అప్ప రెండో వరసలోనే ఉంది, ఆమె పక్కన ఇప్పుడు వేరే ఆవిడ. మైకులో రొద లేదు. కళ్లు మూసుకొని కుడిచెవి అటు తిప్పాను. అప్ప గరగర గొంతు విడిగా తెలిసింది. పక్కావిడ సన్న గొంతు తెలిసింది. ముందు వరసలో ఎవరో తాళం కంటే రవ్వంత ముందు పోతున్నారు, అదీ తెలిసింది. రెండో చరణం ఎత్తుకోబోతూ అందరూ ఊపిరి తీశారు, ఒక్కొక్కరి ఊపిరీ వినపడింది.

నా చూపుడువేలు దానంతటదే పైకి లేచింది. ఎవరికి చూపించాలో తెలియక మళ్లీ దించుకొన్నాను.